తోడల్లుళ్ళ డ్రైవ్‌వే

‘అంకుల్, రేపు మార్నింగ్ మా సైడ్ డ్రైవ్‌వేకి సీల్‌కోటింగ్ షెడ్యూల్ చేశాం, మీ కార్ స్ట్రీట్ మీద పార్క్ చేస్తారా ప్లీజ్.’ నిన్న సాయంత్రం పక్కింటి కుర్రాడు పంపిన సందేశం ఇది. సారాంశం కాదు, పూర్తి పాఠం. అన్నట్టుగానే ఈ ఉదయం ఒక ట్రక్కు వచ్చింది. ఇద్దరు మనుషులు గొట్టంతో తారు నేల మీద నల్లటి పూతమందు చిమ్మి, నేను కాఫీ ముగించేలోపే తమ పని ముగించి, రోడ్డు వైపు ఒక రిబ్బను కట్టి వెళ్ళిపోయారు. బీటలు పూడ్చారో లేదో, అంచులు బ్రష్షుతో అద్దారో లేదో, ఉష్ణోగ్రత ఎంతుందో కనీసం చూశారో లేదో అడిగే హక్కు నాకు లేదు, ఎందుకంటే ఆ సగం నాది కాదు. అయినా పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తుంటే కాలుగాలిన పిల్లిలా కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాను. మన సగం కాదు కదా, కూర్చోండని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అంది. కూర్చోలేకనే ఇది రాస్తున్నాను.

షామ్‌బర్గ్‌లో మేముండేది జంట ఇల్లు. రెండు కాపురాలకూ నడుమ ఒకటే గోడ, రెండు గరాజుల ముందునుంచి రోడ్డు దాకా ఒకటే తారు నేల. అందులో సగం వాళ్ళది, సగం మాది. హద్దు గీత కాగితాల మీదే ఉంటుంది తప్ప నేల మీద ఉండదు. మేము కొత్తగా వచ్చినప్పుడు ఆ పక్క సగంలో ఉన్నది మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. అక్కచెల్లెళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ ఉండాలన్నది మా అత్తగారి పట్టుదల. ఇద్దరూ ఒక వాకిట్లో ఉంటే తనకు బెంగ ఉండదని విజయవాడ నుంచి ఫోన్‌లో అంటూనే ఉండి, చివరికి మా చేత ఆ ఇళ్ళు కొనిపించారు. ఆవిడ దృష్టిలో డ్రైవ్‌వే అంటే వాకిలి, వాకిలి ఒకటైతే సంసారం ఒకటి.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గడ్డి కోయడం దగ్గరనుంచి కారు ఆయిలు మార్చడం దాకా అన్నీ మనమే చేసుకునేవాళ్ళం. తెలియని పని ఎదురైతే డబ్బా మీద రాసింది చదివేవాళ్ళం, కనీసం నేను చదివేవాణ్ణి. సీలర్ అనే ఆ పూతమందు డబ్బా మీద ఏమున్నదో ఇప్పటికీ చెప్పగలను. గాలిలో వేడి ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో యాభై డిగ్రీలకు, అంటే మన లెక్కలో పదికి తగ్గకూడదు, ఒక రోజంతా వాన పడకూడదు, అవసరానికి మించి పూత మీద పూత వేయకూడదు. తారు నేలకు శత్రువు కారు బరువు కాదు, నీరు. ఎండకు ఎండిన తారు బీటలిస్తుంది, ఆ బీటలోకి దిగిన నీరు చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, వసంతం వచ్చేసరికి వెంట్రుకంత బీట వేలంత అవుతుంది. నేను మూడేళ్ళకొకసారి పూత అన్న నియమం పెట్టుకున్నాను.

మా తోడల్లుడిది కంటి లెక్క. ఆకాశం వంక ఒకసారి చూసి, పర్లేదు అన్నయ్యా, కానిద్దాం అనేవాడు. మొదట్లో ఇద్దరం కలిసే చేసేవాళ్ళం. అంచులు, కొలతలు నావి. పొడుగు కర్రకు రబ్బరు పట్టీ ఉన్న స్క్వీజీతో మందు లాగడం అతనిది. తడి ఆరకముందే పక్క సగం కూడా లాగాలి, లేకపోతే నడుమ అతుకు తెలిసిపోతుంది. ఆ ఒక్క విషయంలో తప్ప మాకు దేనిలోనూ ఏకాభిప్రాయం లేదు. అతనికి నేల ఏటా కాటుక పెట్టినట్టుండాలి. ఏటా వేస్తే పూత పొరలు పొరలుగా లేస్తుందని నేను.

ఒకసారి తెలిసినవాళ్ళింట్లో భోజనాలప్పుడు ఈ మాటే వచ్చింది. “మా అన్నయ్య వాన పడుతుంటే గొడుగు తియ్యడండీ, థర్మామీటర్ తీస్తాడు” అన్నాడతను. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకోవలసిన మాటే. నేను మాత్రం, నీకూ లెక్కకూ ఏనాడూ చుట్టరికం లేదు, ఉద్యోగంలో అయినా ఇంట్లో అయినా అన్నాను. అతనికి ఆఫీసులో ఏదో చిక్కు నడుస్తున్న రోజులట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. ఆ రాత్రినుంచి మా మధ్య మాటల్లేవు. రెండు శీతాకాలాలు గడిచాయి. అతను ప్రతి వేసవిలోనూ తన సగానికి నలుపు వేశాడు, నా సగం నా నియమం ప్రకారం తెల్లబోయి ఉంది. వాకిలి సగం గొరిగిన తలలా తయారైంది. మేము ఎవరికీ చెప్పని సంగతిని మా నేల వీధి వీధంతటికీ చెప్పింది.

ఇంతలో అత్తగారి ప్రయాణం ఖాయమైంది. ఆవిడకు అంతకుముందే గుండెకు ఆపరేషన్ అయింది. ఈ ఒక్కసారికి వెళ్ళి రావచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. అక్టోబరు మొదట్లో ఒక సోమవారం దిగుతారు, ఉన్నన్నాళ్ళూ సగం ఆ ఇంట, సగం ఈ ఇంట. మా మౌనం గురించి కూతుళ్ళిద్దరూ ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ ఫోన్ చేసే వేళకు ఇద్దరూ ఒక గదిలో చేరి, నలుగురం ఒక బల్ల దగ్గర ఉన్నట్టే మాట్లాడేవారు. ఫోన్‌లో దాగినది వాకిట్లో దాగదు. మా ఆవిడ ఒకరోజు నా ముందు నిలబడి, “మీరు మాట్లాడుకోకపోతే మానెయ్యండి. అమ్మ కారు దిగేసరికి ఆ నేల మాత్రం ఒక్క రంగులో ఉండాలి” అంది. గోడకు అవతల మా మరదలూ అదే చెప్పి ఉండాలి.

నా సగం ఒక్కటే వేస్తే చాలదా అంటే చాలదు. కొత్త నలుపు పక్కన వేసవి నాటి నలుపు పెడితే గీత మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు సగాలూ ఒకే పూట, పక్కపక్కనే లాగాలి. ఈ సంగతి వివరంగా చెప్పి నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను. ఏర్పాట్లన్నీ ఆడవాళ్ళ ఫోన్ల మీదే జరిగాయి. ఉదయం చలిగా ఉంటుంది, మధ్యాహ్నం మొదలుపెడదాం అంటున్నారు మా ఆయన అని మా ఆవిడ చెప్పేది. జవాబు ఫోన్‌లో రాకముందే గోడలోంచి వినిపించేది.

శుక్రవారం ఎవరి సగం వాళ్ళం కడిగి, ఎవరి బీటలు వాళ్ళం పూడ్చుకున్నాం. సరిగ్గా నడుమ ఒక పొడుగాటి బీట ఉంది. అది ఎవరిదీ కాదు. అతను గరాజు వైపునుంచి, నేను రోడ్డు వైపునుంచి పూడ్చుకుంటూ వచ్చి, మధ్యలో తలలు తగలబోయేంత దగ్గరికి చేరి, లేచి ఎవరింట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

శనివారం ఆకాశం నిలకడగా లేదు, నేనూ నిలకడగా లేను. గడప దాటడం, థర్మామీటర్ చూడడం, లోపలికి రావడం, మళ్ళీ దాటడం. సాయంత్రానికి వాన రావచ్చని టీవీలో చెబుతున్నారు, ఆదివారం తప్పక పడుతుందంటున్నారు. మధ్యాహ్నం దాటినా పాదరసం నలభై ఎనిమిది దగ్గర కూర్చుంది. అతను మూతలు తీసిన డబ్బాల పక్కన స్క్వీజీ పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఆకాశం వంక చూడలేదు, నా వంక చూశాడు.

“ఏం చేద్దాం అన్నయ్యా? మీరు వద్దంటే వద్దు.”

మరొక్కసారి థర్మామీటర్ చూశాను. అది తన మాట మార్చుకోలేదు.

“పోసెయ్” అన్నాను.

గరాజు తలుపుల దగ్గర మొదలుపెట్టి రోడ్డు దాకా, ఇద్దరం పక్కపక్కన వెనక్కి నడుస్తూ లాగాం. నా అడుగు నెమ్మది. అతను తన వేగం తగ్గించుకున్నాడు. నడుమ గీత దగ్గర అతని పట్టీ నావైపు ఒక చెయ్యంత, నా పట్టీ అతనివైపు ఒక చెయ్యంత వచ్చేవి. పూర్తయ్యేసరికి ఏది ఎవరి సగమో నాకే తెలియలేదు. ఇన్నేళ్ళలో అంత నున్నగా ఎన్నడూ కుదరలేదు.

చీకటి పడకముందే వాన వచ్చింది. గరాజు తలుపెత్తి నిలబడ్డాను, కాలు బయట పెట్టడానికి లేదు. అవతలి తలుపు కూడా లేచిన చప్పుడు వినబడింది. చినుకు పడిన చోటల్లా గుంట, గుంటలోంచి బూడిదరంగు చార, ఆ చారలన్నీ కలిసి నల్లటి నీళ్ళై రోడ్డు వారగా పారుతున్నాయి. మేమిద్దరం ఒకరికొకరం కనిపించం, మధ్యన గోడ. కాసేపటికి అటునుంచి, “అన్నయ్యా, థర్మామీటర్ గెలిచింది” అని గొంతు వచ్చింది. నవ్వకూడదని నేను చాలా ప్రయత్నించాను.

సోమవారం అత్తగారు కారు దిగారు. ఈ గడ్డినుంచి ఆ గడ్డి దాకా అమ్మవారు పోసినట్టు మచ్చలు, చారలు. రంగు మాత్రం, దాన్ని రంగు అనగలిగితే, అంతటా ఒక్కటే. ఆవిడ చెప్పులతో అక్కడే నిలబడి చాలాసేపు చూశారు. మేమిద్దరం చెరొక సూట్‌కేసు పట్టుకుని తప్పు చేసిన పిల్లల్లా వెనక నిలబడ్డాం.

“ఒక్కరి వల్ల ఇంత పాడవదు” అన్నారు చివరికి. “ఇద్దరూ కలిసే చేసుంటారు.”

అని కూతుళ్ళ చేతులు పట్టుకుని లోపలికి నడిచారు. ఆవిడకు అప్పటికే ఏమైనా తెలుసా, ఆ మాట ఊరికే అన్నారా అన్నదానికి నా దగ్గర ఆధారం లేదు కనుక ఏమీ చెప్పను. ఉన్నన్నాళ్ళూ నిశ్చింతగా నిద్రపోయారన్నది మాత్రం మా ఆవిడా, మా మరదలూ విడివిడిగా చెప్పిన మాట.

ఆవిడ మళ్ళీ రాలేదు. మా తోడల్లుడు రిటైరై టెక్సస్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడి డ్రైవ్‌వే సిమెంటు, దానికి ఏమీ చెయ్యక్కర్లేదని ఫోన్‌లో చెప్పాడు. ఇప్పుడు పక్కనున్న పిల్లలు మంచివాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. వాళ్ళ సగం వాళ్ళకు వీలైనప్పుడు, మా సగం మాకు వీలైనప్పుడు, ఎవరి పనివాళ్ళు వాళ్ళకు. నడుమ గీత గీసినట్టు కనిపిస్తోంది. కానీ ఆ గీతకు అర్థమేమీ లేదు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం మానలేదు, మానేంతగా మాట్లాడుకున్నదీ లేదు. దాన్ని చూసి బెంగపెట్టుకునే మనిషి లేరు. ఆ మనిషి కంటపడకుండా దాన్ని చెరపాలని నన్ను తొందరపెట్టేవాళ్ళూ లేరు. అలా తొందరపడవలసిన శనివారం ఒక్కటైనా మిగలని ఇంట్లో, ఇంత నిశ్చింతతో ఏం చేసుకోవాలో నాకు తోచడం లేదు.