డిక్కీలో పట్టని కుర్చీ

తొంభైలలో ఒక మధ్యాహ్నం, దోహాలో ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నవి: ఒక నారింజ రంగు టాక్సీ, దాని పఠాన్ డ్రైవరు, చక్రాల కుర్చీలో కడప వైపు మనిషి ఒకాయన, జేబులో స్టీలు టేపుతో, ఆయన్ని సాగనంపడానికి వచ్చిన నేను.

మా బిల్డింగు సైటులో పడి నడుము విరిగిన ఆయన సాయంత్రం విమానానికి ఊరెళ్లాలి. మడిచినా కుర్చీ డిక్కీలో పట్టలేదు. మూత తెరిచి నడిపితే పోలీసులు లైసెన్సు లాక్కుంటారని, సీట్లో సామాను పెట్టినా తప్పేనని డ్రైవరు హిందీలో అన్నాడు. ఈ రూల్సు రాసినవాళ్లు ఎప్పుడైనా ఇలాంటి కుర్చీని కొలిచారా అనిపించి, నేను టేపు తీసి కుర్చీనీ డిక్కీనీ కొలిచాను.

ఆయన నవ్వాడు. "కొలిస్తే తగ్గుతాదా సామీ? కుర్చీనే పాసింజరు అనుకోమని చెప్పు. సామాను నేనే."

ఆ మాటే హిందీలో చెప్పాను. డ్రైవరు పగలబడి నవ్వి, "యల్లా! చలో!" అంటూ కుర్చీని ముందు సీట్లో నిలబెట్టి బెల్టు బిగించాడు. ఇద్దరం ఆయన్ని ఎత్తి వెనక కూర్చోబెట్టాం. ఆయన చెయ్యి చాచి కుర్చీ పిడి పట్టుకున్నాడు. టాక్సీ మలుపు తిరిగేదాకా వదల్లేదు.

డిక్కీ ఖాళీగానే వెళ్లింది. ఆ కొలత నాకిప్పటికీ గుర్తుంది. కుర్చీ రెండంగుళాలు ఎక్కువ.