రంజన్‌బెన్ ఫోన్లో లాల్జీభాయ్

సూరత్‌లో మా బిల్డింగు కింది గదిలో ఖాఖరాలు, అంటే కరకరలాడే పల్చటి రొట్టెలు, ఒత్తుకుని బతికే మా ఆడవాళ్ళలో అందరికన్నా చెయ్యి వేగం రంజన్‌బెన్‌ది. భర్త లాల్జీభాయ్‌కి మతిమరుపు జబ్బు ముదిరాక ఆ వేగమంతా పోయింది. ఒకసారి ఆయన ఇల్లు దాటి తప్పిపోయి, రైల్వే స్టేషన్లో దొరికాడు. అప్పట్నుంచీ ఆవిడకు నిద్ర లేదు.

"బయట తాళం పెట్టి రావమ్మా" అంటే మీద పడేది. "మనిషా, గొడ్డా, కట్టేసి రావడానికి?"

అందుకే కెమెరా పెట్టించింది. మాకు బేరమంటే ప్రాణం. కలిసి కొంటే ధర తగ్గుతుందని ఇంటింటికీ అదే కెమెరా, ఒకే రోజు. వైఫై కూడా మెట్ల దగ్గరున్న ఒకే డబ్బా నుంచి, బిల్లు అందరిదీ. తీరా చూస్తే రంజన్‌బెన్ ఫోన్లో బొమ్మే రాలేదు. కెమెరాలు బిగించే భౌతిక్ వచ్చి, చాలాసేపు కుస్తీ పట్టి, కెమెరా నంబరు తనే ఫోన్లో కొట్టాడు. బొమ్మ వచ్చింది. ఉయ్యాలబల్ల మీద బనీను, బట్టతల, వెనక నుంచి. రంజన్‌బెన్ ప్రాణం కుదుటపడింది. వారం రోజులు హాయిగా ఖాఖరాలు ఒత్తింది.

ఆ రోజు కిటికీలోంచి నేను చూశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని లాల్జీభాయ్ గేటు దాటుతున్నాడు.

"రంజన్‌బెన్! మీ ఆయన!"

ఆవిడ ఫోను చూసుకుంది. "నీ కళ్ళకేమొచ్చింది? ఇదిగో, ఉయ్యాల మీదే ఉంటే!"

కళ్ళను కాదని ఫోన్ను నమ్మే మనిషిని ఏం చెయ్యను? రెక్క పట్టి కిటికీ దాకా లాక్కొచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. ఇద్దరం పైకి పరిగెత్తాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఉయ్యాల ఖాళీ. ఆవిడ చేతిలోని ఫోన్లో మాత్రం ఆయన తీరిగ్గా ఊగుతున్నాడు! రంజన్‌బెన్ అక్కడే కూలబడింది.

నేను ఫోన్ చెయ్యగానే పక్క సందులోనే ఉన్న భౌతిక్ పరిగెత్తుకొచ్చాడు. ఫోను తిప్పి తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది.

"రంజన్ కాకీ, వైఫైలో రెండు కెమెరాలకి ఒకే నంబరు పడింది. ఈయన మీ ఆయన కాదు. పై అంతస్తు శామ్‌జీ కాకా."

మా ఇళ్ళన్నీ ఒకే అచ్చు. ఉయ్యాలలు చేసిన వడ్రంగీ ఒకడే.

"అంటే వారం నుంచీ నేను కాపలా కాసింది పరాయి మొగుడికా?" అంది రంజన్‌బెన్. ఎవరికీ నవ్వు రాలేదు. "మరి నా మొగుడు ఎక్కడున్నాడు? మధ్యాహ్నం భోజనానికి పైకొస్తే రోజూ ఇంట్లోనే ఉంటున్నాడే!"

ఇస్త్రీ చొక్కా గుర్తురాగానే నాకు తట్టింది, పనికెళ్ళే రోజుల్లో ఆయన అలాగే తయారయ్యేవాడు. ఆయన వజ్రాలు సానపట్టిన కార్ఖానా రెండు సందుల అవతలే. పరుగెత్తాం.

అక్కడే ఉన్నాడు. పాత చోట్లో, ఆగిన చక్రం ముందు, కంటికి భూతద్దం పెట్టుకుని. పైగా ఏదో జోకు చెబుతున్నాడు, చుట్టూ కుర్చీల్లో వాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. ఇంట్లో ఆయన నోట ఒక పూర్తి మాట విని ఏడాదైంది.

"రండి బెన్" అన్నాడు మేస్త్రీ పర్సోత్తమ్. "రోజూ మీరే పంపుతున్నారనుకున్నాం. పాత మనిషి కదా, గాజుముక్క ఇచ్చి కూర్చోబెడుతున్నాం."

లాల్జీభాయ్ తలెత్తి రంజన్‌బెన్‌ను చూశాడు. మర్యాదగా చేతులు జోడించాడు.

"కూర్చోండి బెన్, చాయ్ తాగండి. నేను లేవాలి. భోజనం వేళకి మా రంజన్ వస్తుంది. నేను కనబడకపోతే హడలి చస్తుంది, పిచ్చిది."

రంజన్‌బెన్ కూర్చుంది. ఎవరో ఇచ్చిన చాయ్ అందుకుంది. సాసర్లోకి ఒంపుకుంది.

"తొందరగా వెళ్ళండి భాయ్" అంది. "ఆవిడ ఎదురుచూస్తుంటుంది."