సెట్టింగు దర్గాలో పుట్టిన తరీఖా

ఒక సూఫీ తరీఖా ఎలా పుడుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా?

ఒక గురువు. ఆయన చేతిలో చెయ్యి పెట్టి మాట ఇచ్చిన శిష్యుడు. ఆ శిష్యుడి చేతిలో ఇంకొకరి చెయ్యి. ఆ గొలుసే తరీఖా. రాజుల గడప తొక్కకుండా, ఆకలితో వచ్చినవాడి మతం అడక్కుండా అన్నం పెట్టినవాళ్లు మొదలుపెట్టిన గొలుసులున్నాయి. దేవుణ్ని నమ్మని నేను కూడా వాళ్లను గౌరవిస్తాను.

ఫిల్మ్ నగర్‌లో మా వీధి చివర పుట్టింది వేరు. అలాంటి ఒక మూలపురుషుడి మీద సినిమా తీస్తూ అక్కడి ఖాళీ స్థలంలో దర్గా సెట్టు వేశారు. ప్లైవుడ్ గోడలు, లోపల థర్మకోల్ సమాధి. షూటింగ్ మధ్యలో ఆగిపోయింది. శిష్యుడి వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టు కాపలాకి మిగిలాడు, ఆ వేషం అంగీతోనే తిరిగేవాడు. ఎవరో సమాధి మీద పచ్చ గుడ్డ కప్పారు. ఇంకెవరో అతని ముందు చెయ్యి చాపారు. కెమెరా ముందు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

మా వంటామె కూతురికి మూర్ఛ.

"గోలీలు బంద్ జేసిన సార్. దర్గాల చెయ్యి వట్టించిన. ఇంక ఫికర్ లేదు."

"అది థర్మకోల్ అమ్మా! నీ కళ్ల ముందే కట్టారు."

"గుళ్లె బొమ్మను గూడ మనుషులే చేస్తరు గద సార్."

నాస్తిక సభల్లో నేను చేసే వాదమే అది.

మర్నాడు ఆ పిల్ల మా వంటింట్లోనే కొట్టుకుంటూ పడిపోయింది. నేను తిన్నగా ఆ సెట్టుకు వెళ్లాను.

"సిగ్గులేదా నీకు?" అన్నాను ఆ జూనియర్ ఆర్టిస్టుతో.

"నేనేం జెయ్యాలె సార్? ఇది సెట్టింగ్ అని చెప్పిన. బాబా పరీక్ష వెడ్తుండని నవ్విండ్రు."

"మరి గోలీలు వెయ్యమని చెప్పు."

"మీరే చెప్పరాదుండ్రి? పెద్ద పెద్ద మీటింగుల మాట్లాడ్తరట గద."

"చెప్పాను. వినలేదు."

"అంటే మీకు గూడ నాతోని పని వడ్డదన్నట్టు," అని నవ్వాడు.

సాయంత్రం వంటామెతో అన్నాడు: "గోలీలు ఇడువకు అమ్మా. బాబా హుకుం." ఆమె మళ్లీ మొదలుపెట్టింది. పిల్ల తేరుకుంది.

ఆ కబురు జూబ్లీ హిల్స్ దాకా పాకింది. ఇప్పుడక్కడ పెద్ద కార్లు ఆగుతున్నాయి. తల్లినీ పిల్లనూ అక్కడికి పిలిపించి, పిల్లను చూపించి మహిమ అంటున్నారు, మందు మాట ఎవరూ ఎత్తరు. తన చేతిలో నిజంగానే ఏదో ఉందేమోనని ఆ జూనియర్ ఆర్టిస్టుకే అనుమానం మొదలైంది. నిన్న వంటామె నన్నడిగింది: "బాబా నయం జేసిండు గద సార్, ఇంక గోలీలెందుకు?"

నా మాట ఆమె వినదు. ఆ చేతి చేత చెప్పించి, నా మాటకున్న విలువను నేనే పోగొట్టుకున్నాను.

అందుకే అక్కడికి కార్లలో వెళ్లే మిమ్మల్ని అడుగుతున్నాను. నమ్ముతారో మానతారో మీ ఇష్టం. కానీ ఈరోజు చెయ్యి పట్టించుకునే ఆ వరుసలో నిలబడి, ఆ తల్లి వినేలా, పిల్లను లేపి నిలబెట్టింది మందేనని గట్టిగా చెప్పండి. పిల్ల గోలీ మింగేదాకా అక్కణ్నించి కదలకండి.