వెనక్కి తిరిగిన మధ్య బుట్ట

అమృతరావుకి కుదురు లేదు. కన్నతల్లి మొదలు కట్టుకున్న దేవకుమారి దాకా అందరూ అన్న మాటే ఇది. అన్నానికి కూర్చుంటే మధ్యలో లేచి ఒకసారి వీధిలోకి తొంగి చూసొస్తాడు. చర్చిలో అయ్యగారు ప్రార్థన చేయిస్తుంటే అందరూ కళ్లు మూసుకుంటారు. ఈయన మాత్రం ఒక కన్ను తెరిచి, కిటికీలోంచి బండి ఉందా లేదా అని చూసుకుంటాడు. బండి ఎక్కడికి పోతుంది? తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. అయినా చూస్తాడు.

ఆ బండి రాయగడ దగ్గరి మిషను ఆసుపత్రిది. ఆయన దాని డ్రైవరు. సొంత దేశానికి తిరిగి వెళ్లిపోతూ మిషను దొరలు వదిలేసిన పాత పికప్ అది. ముందు డ్రైవరుతో కలిపి ముగ్గురు పట్టే సీటు, దాని వెనక అడ్డంగా ఇంకో సీటు, ఆ వెనక సామాను వేసుకునే తొట్టి. డ్రైవరు సీటు కింద స్ప్రింగు ఒకటి పాడైపోయి, మనిషి కాస్త పక్కకి తిరిగితే చాలు, కిర్రుమనేది. స్థిమితంగా కూర్చునే మనిషి నడిపితే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మన అమృతరావు నడిపితే బండి దారి పొడుగునా కిర్రుమంటూనే ఉండేది.

వారం వారం కకిరిగుమ్మ సంతరోజున ఆసుపత్రివాళ్లు అక్కడికి వెళ్లి మందులిచ్చి వచ్చేవారు. కొండల మీంచి దిగి వచ్చే ఆడవాళ్లకి కాన్పుల సంగతి, కడుపునొప్పుల సంగతి చెప్పుకోవడానికి మగ డాక్టరు పనికిరాడు. ఉన్న ఒక్క డాక్టరమ్మకి ఆసుపత్రి వదిలే తీరిక లేదు, నర్సులే వెళ్లాలి. ఆ నర్సులిద్దరూ తెలుగువాళ్లే. ఒకరు అమృతరావు భార్య దేవకుమారి, ఇంకొకరు వసంతకుమారి. దేవకుమారికి ఒక కూతురు, చిన్నమ్మి. వసంతకుమారికి కవల మగపిల్లలు. ఆమె భర్త ఎక్కడో గనుల్లో పని. ఇంటిదగ్గర పిల్లల్ని చూసే దిక్కు ఇద్దరికీ లేదు. అందుకని మందుల పెట్టెల్ని ముందు సీట్లో పెట్టి, నర్సులూ పిల్లలూ వెనక సీట్లో కూర్చునేవారు. ఒడులు రెండు, పిల్లలు ముగ్గురు. గొడవంతా అక్కడే వచ్చింది.

డెబ్బై నాలుగులో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, లక్ష్మీపూర్ ఘాటీ, ఆ కొండల మలుపుల దారి, ఎక్కుతున్నారు. ఏడుస్తున్న కవలల్ని చెరొకరు ఒళ్లో వేసుకున్నారు. చిన్నమ్మి తలుపుకి ఆనుకుని నిలబడింది. దానికి నడక వచ్చింది కాని ఇంకా బుద్ధి రాలేదు. ఒక మలుపు దగ్గర వెనక తలుపు టపటపలాడింది. అమృతరావు విన్నాడు. గాలికి అనుకున్నాడు. రోజుకి వందసార్లు అక్కర్లేకపోయినా వెనక్కి చూసే మనిషి, చూడవలసిన ఆ ఒక్కసారీ చూడలేదు. దేవకుమారి కేక వేసేసరికి సీట్లో పిల్ల లేదు.

దేవుడు చల్లగా చూశాడు. పిల్ల రోడ్డు పక్క పొదలో పడింది. మోచెయ్యి గీరుకుపోయింది, జడలో ముళ్లు చిక్కుకున్నాయి, అంతే. దేవకుమారి దాన్ని ఒళ్లంతా తడిమి తడిమి చూసి అప్పుడు ఏడ్చింది. అమృతరావు ఏడవలేదు. వెళ్లి ఆ తలుపు గడియనే పదేపదే లాగి చూశాడు.

అప్పటినుంచి ఆయన మెడ ఆయన మాట వినడం మానేసింది. బండి నడుపుతూ వెనక్కి చూస్తాడు. తలుపు చూస్తాడు, పిల్లని చూస్తాడు, మళ్లీ తలుపు చూస్తాడు. "అన్నయ్యా, మేవిద్దరం ఉన్నాం కదా ఎనక, నువ్వు రోడ్డు సూడు" అని వసంతకుమారి మొత్తుకునేది. కాసేపు చూసేవాడు. మళ్లీ కిర్రు. అలా వెనక్కి తిరిగి ఉన్నప్పుడే ఒకరోజు బండి వెళ్లి ఘాటీ అంచున పాతిన రాయిని గుద్దింది. రాయి లేకపోతే కింద లోయే.

పెద్ద డాక్టరమ్మ మంచిమనిషి. అయినా మంచితనానికీ ఒక హద్దు ఉంటుంది కదా. ఆయన్ని పిలిచి నెమ్మదిగానే చెప్పింది. "అమృతరావూ, నువ్వు ముందుకి చూసి నడపగలిగితేనే పిల్లలు బండి ఎక్కాలి. ఇంకోసారి ఇలా జరిగితే పిల్లలు ఇంటిదగ్గరే ఉండిపోవాలి."

పిల్లలు ఇంటిదగ్గర ఉంటే తల్లులూ ఉండాలి. తల్లులు ఉంటే కకిరిగుమ్మలో వైద్యం లేదు, వాళ్లకి ఉద్యోగమూ లేదు. వసంతకుమారి ఆ సాయంత్రం పిల్లలిద్దర్నీ చంకన వేసుకుని వీళ్ల గుమ్మంలో నిలబడింది, అంతే. ఆ చూపు అమృతరావుని అన్నం తిననివ్వలేదు.

అప్పుడు ఆయనకి ఒక ఆలోచన పుట్టింది. ఒడి అనేది చెయ్యి సడలితే లేనట్టే. పిల్లకో ఆసనం ఉండాలి, ఆసనానికో కట్టు ఉండాలి. బంధుగాం సంతలో వెదురు బుట్టలల్లే కుంతి అనే ముసలామె దగ్గరికి వెళ్లి, పిల్ల కూర్చోడానికి బుట్టలు కావాలన్నాడు. వీపు వైపు ఎత్తుగా, వెడల్పుగా ఉండాలి, కాళ్ల వైపు సన్నగా తెరిచి ఉండాలి. పిల్లల్ని బుట్టల్లో పెట్టి సంతలో అమ్ముతావా అని ఆవిడ పడీ పడీ నవ్వింది. నవ్వినా మూడు బుట్టలూ గట్టిగానే అల్లింది. అమృతరావు మంచం నవారు కోసి పట్టీలు చేశాడు. పాత తోలు బెల్టుల బకిల్సు వాటికి కుట్టాడు. బుట్టల్ని సీటు కింది ఇనపచట్టానికి కట్టడానికి ఇంకో చుట్ట నవారు తెచ్చుకున్నాడు.

తీరా చూస్తే రెండు బుట్టలు సుఖంగా కూర్చున్నాయి. మూడోది పట్టలేదు. ఎడమదాన్ని జరిపితే కుడి తలుపు పడదు, కుడిదాన్ని నొక్కితే మధ్యది పైకి లేస్తుంది. మూడింటినీ దించాడు, వరస మార్చాడు, ఎక్కించాడు, మళ్లీ దించాడు. కాంపౌండరు వచ్చి ఒక సలహా ఇచ్చాడు. వంటమనిషి వచ్చి దానికి విరుద్ధమైన సలహా ఇచ్చాడు. ఏ సలహా పాటించినా తలుపు బెత్తెడు తెరుచుకునే ఉంది. ఆ బెత్తెడు సందు చూస్తుంటే అమృతరావుకి పొద, ముళ్లు, పిల్ల జడ కళ్లముందు ఆడుతున్నాయి. చివరికి విసుగెత్తి ఒక బుట్టని నేలకేసి కొట్టబోయాడు.

బట్టలు ఆరేస్తున్న దేవకుమారి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "మీది భీవిలి పక్క ఊరేనా అసలు? ఎండుసేపలు గంపలో ఎలా పేరుత్తారు? తల పక్కన తల పెడతారేటి?"

అమృతరావు భార్యని చూశాడు, బుట్టల్ని చూశాడు. తల పక్కన తోక పెడతారు. మధ్య బుట్టని వెనక్కి తిప్పాడు. అటూ ఇటూ ఉన్న బుట్టల సన్నటి కొసల మధ్య దీని వెడల్పు వీపు ఒదిగిపోయింది. తలుపు టక్కున పడింది. ఆనందం పట్టలేక ఆయన ఆ తలుపుని తీసి వేసి, తీసి వేసి, చివరికి భార్యచేత చీవాట్లు తిన్నాడు.

ఆ ఆనందం పిల్లల్ని కూర్చోబెట్టేదాకానే. కవలలు బొద్దుగా ఉంటారు, మధ్యలో పట్టరు. పట్టేది బక్కపలచని చిన్నమ్మి ఒక్కతే. అంటే పిల్ల వెనక్కి తిరిగి కూర్చోవాలి, దాని వీపు తండ్రి వైపుకి. మందుల పెట్టెలు తొట్టిలోకి మారాయి, తల్లులిద్దరూ ముందు సీట్లోకి వచ్చారు. డ్రైవరు ముందున్న అద్దంలో కవలల మొహాలు రెండూ చక్కగా కనిపిస్తాయి. పడిపోయిన పిల్ల ఎవరో, ఎవరి కోసం ఇంత తంటాలు పడ్డాడో, ఆ పిల్ల మొహం ఒక్కటీ కనిపించదు. పాపం, ఆయన బాధ పగవాడికి కూడా వద్దు. "ఏటమ్మీ, ఉన్నావా?" అని అడిగేవాడు. "ఉన్నాను" అనేది. నాలుగు గజాలు పోయాక మళ్లీ అడిగేవాడు.

అలా వానలు పోయి చలి వచ్చింది. ఇంకో చిక్కు బయటపడింది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, చొక్కాల మీద కొలిచి పట్టీలు కుట్టాడు. ఈ కొండల్లో చలికాలం పిల్లలకి రెండేసి స్వెట్టర్లు వేస్తారని ఆయనకి తట్టలేదు. మంచు కమ్మిన పొద్దున పట్టీ రెండు కొసలూ కలవలేదు. "పిల్లలు రారు, దించీండి" అన్నాడు. దేవకుమారి స్వెట్టర్లు విప్పింది, పట్టీలు బిగించింది, ఆ పైన స్వెట్టర్లని ముందువెనకలు చేసి చేతులకి తొడిగింది. చిన్నమ్మి వెనక్కి తిరిగిన బుట్టలో, వెనక్కి తిరిగిన స్వెట్టరులో, మంకీ టోపీతో కూర్చుంది. దాని ఒంట్లో కదలడానికి నోరొక్కటే మిగిలింది.

ఆ నోటికి కుదురు లేకపోవడం తండ్రి పోలికే. అప్పటికి దానికి మాటలు బాగా వచ్చేశాయి. వెనక కిటికీ అద్దంలోంచి ఏది కనిపిస్తే అది చెప్పేది. మేక ఎల్లిపోతంది, బస్సు ఎల్లిపోతంది, కొండ ఎల్లిపోతంది అంటూ దారంతా ఏకరువు పెట్టేది. మాట వినపడినంతసేపూ అమృతరావు మెడ నిలకడగా ఉండేది.

ఆ పొద్దున ఘాటీలో మంచు దట్టంగా ఉంది. పిల్ల పడిపోయిన మలుపు దగ్గరపడుతోంది. అక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఆయన చెవులు వెనకే ఉంటాయి. సరిగ్గా అప్పుడే చిన్నమ్మి మాట ఆగిపోయింది. తల్లి ఇచ్చిన బిస్కట్టు నోట్లో పెట్టుకుంది, అంతకుమించి ఏమీ లేదు. కాని ఆయనకి ఎలా తెలుస్తుంది? తలుపు చప్పుడైనట్టే అనిపించింది. పిల్ల లేదేమో అనిపించింది. ఆపుకున్నాడు. ఇంక ఆగలేకపోయాడు. కిర్రుమంటూ మెడ వెనక్కి తిరిగింది.

"నాన్నా!" అని గద్దించింది వెనకనుంచి, నోటినిండా బిస్కట్టుతో. "సీటు కిర్రుమన్నాది! నువ్వు ముందుకి సూడు. ఎనక్కి నేను సూత్తన్నాను కదా!"

చటుక్కున ముందుకి తిరిగాడు. మంచులోంచి కలప లారీ ఒకటి బండి మీదికే వచ్చేస్తోంది. స్టీరింగు ఎడమకి తిప్పేశాడు. లారీ దుంగలు కిటికీ పక్కనుంచి రాసుకుంటున్నట్టు దాటి వెళ్లిపోయాయి. వసంతకుమారి "యేసయ్యా" అంది. ఇంకో రెప్పపాటు ఆయన వెనక్కే చూస్తూ ఉండి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

రోడ్డు కాస్త వెడల్పైన చోట బండి ఆపి, దిగి, వెనక తలుపు తీశాడు. కవలలు నిద్రపోతున్నారు. చిన్నమ్మి గడ్డం నిండా బిస్కట్టు పొడి. "బస్సు రానేదు, మేకా రానేదు. ఎందుకు ఆపేవు?" అని తండ్రిని కోప్పడింది. పొద దగ్గర ఏడవని అమృతరావు అప్పుడు ఏడ్చాడు, తలుపు పట్టుకుని, వెక్కి వెక్కి. దేవకుమారి దిగి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది కాని ఊరుకోమని అనలేదు.

ఆ మెడ ఒక్కరోజులో బాగుపడిందని ఎవరైనా అంటే నమ్మకండి. కిర్రుమన్నప్పుడల్లా వెనకనుంచి హుకుం వచ్చేది, ఆయన ముందుకి తిరిగేవాడు. కకిరిగుమ్మ ప్రయాణం ఆగలేదు. డాక్టరమ్మ మళ్లీ పిలవవలసిన పనీ పడలేదు. చిన్నమ్మి బడికి వెళ్లిపోయాక వేరే నర్సుల పిల్లలు ఆ బుట్టల్లోకి వచ్చారు. ఎవరు వచ్చినా మధ్య బుట్టలో మాత్రం మాటలొచ్చిన పిల్లనే కూర్చోబెట్టేవాడు. ఎక్కించేముందు వాళ్లకి చెప్పవలసింది చెప్పేవాడు.

ఎనభైల్లో ఒకసారి కోరాపుట్‌లో బండి మరమ్మతుకి ఇచ్చారు. మెకానిక్కు త్రినాథరావు అన్నీ సరిచేసి, చివరికి డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టాడు. "స్ప్రింగు పోనాది మాస్టారూ, కొత్తది ఏసీనా?"

"ఒగ్గీ బావూ, అలాగే ఉండనీ" అన్నాడు అమృతరావు. "అది కిర్రుమనకపోతే, ఎనకున్న పిల్లలకి నా సంగతెలా తెలుత్తాది?"