మంగమ్మ వద్దన్న అబద్ధం

ఈ పొద్దంతా నాకు మనసు మనసులో లేదు. నేను చింతాద్రిపేటలో దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. పొద్దున మంగమ్మ వచ్చింది. ఆమె, పెరంబూరు రైలు వర్క్‌షాపులో పనిచేసే మునిరత్నమూ తాళి లేకుండానే ఇరవై ఏండ్లు కాపురం చేసినారు. ఇద్దరూ కలిసి కొన్న ఇంటికి పత్రం రాసింది నేనే. ఆ రోజు అందరు ఆడవాళ్లనీ అడిగినట్టే "ఎవరి భార్య అని రాయాలమ్మా?" అని అడిగినాను.

"అబద్ధం రాయొద్దయ్యా. మా నాయన కూతురనే రాయండి" అనింది. అట్లే రాసినాను.

పోయిన నెల మునిరత్నం వీలునామా రాయకుండానే చనిపోయినాడు. ఆయన తమ్ముడు వచ్చి, అన్న సగం తనదేనని వంటింటికి తాళం వేసినాడంట.

"ఆయన సగంలో నాకేమీ రాదా అయ్యా?"

"పెళ్లి కాలేదు కదమ్మా."

"ఇప్పుడైనా భార్య అని దిద్దండి."

"రిజిస్టరైన పత్రం తల్లీ. అక్షరం కూడా ముట్టుకోలేను."

ఆమె పత్రాన్ని కొంగులో చుట్టుకుని లేచింది. "పొయ్యి వసారాలో పెట్టుకున్నాలే" అని నన్నే ఓదార్చి పోయింది.

ఇన్నేళ్లలో నా ముందర కూర్చుని అబద్ధం వద్దన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె మాట వినకుండా ఆ రోజే భార్య అని రాసి పడేసుంటే, ఆ వంటిల్లు దక్కుండునేమో. మీరైతే ఏం రాసుందురు?