కొండప్ప అమ్మిన దారం

మా పక్కింటి రామకృష్ణయ్యకు మూడేళ్లుగా ఒకటే కోరిక. శింగనమల కొండప్ప తనంతట తాను ఫోన్ చేసి క్షమించమనాలి. అలా అంటే చాలు, ఈయన పరుగున బస్సెక్కి చెరువు కట్ట మీదికి పోయి అతని పక్కన కూర్చుంటాడు. కావలసింది ఆ కూర్చోవడమే. కానీ ఆ సంగతి ఒప్పుకోమంటే చచ్చినా ఒప్పుకోడు.

ధర్మవరంలో అమావాస్యకు మగ్గాలకు సెలవు. పాతికేళ్ల పాటు ప్రతి అమావాస్యకూ ఈయన తొలి బస్సుకు శింగనమల పోయేవాడు. అక్కడ గాలాలు, దారాలు అమ్మే కొండప్ప అంగడిని భార్యకు అప్పజెప్పి వచ్చేవాడు. ఇద్దరూ పొద్దు వాలేదాకా గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లు. అమావాస్యనాడు ఈయన ఇంట్లో నీసు ముట్టరు కాబట్టి పడిన చేపలన్నీ కొండప్ప ఇంటికే. ఒక్క చేప కూడా తినకుండా పాతికేళ్లు చేపలు పట్టిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మూడేళ్ల కిందట ఒక పెద్ద చేప పడి, ఒడ్డుకు వచ్చేలోపల దారం తెగిపోయింది. ఇరవై కిలోలు ఆపుతుందని కొండప్ప కొత్తగా ఇచ్చిన అల్లిక దారం అది. "నాకే నకిలీ సరుకు అంటగడతావా?" అని ఈయన నలుగురిలో నానా మాటలూ అన్నాడు. కొండప్ప ఒక్క మాట తిరిగి అనలేదు. నోరు విప్పలేదంటే తప్పు ఒప్పుకున్నట్టేనని ఈయన తీర్మానించాడు. ఆ తర్వాత చెరువు ఎండిపోయింది, మాటలూ ఆగిపోయాయి.

ఈ ఏడు చెరువుకు నీళ్లొచ్చాయి. ఆ కబురు విన్నప్పటి నుంచి మగ్గం ముందు కూర్చుంటాడన్న మాటే గానీ చెయ్యాడదు. కనపడితే చాలు, "శింగనమల నిండిందంటనే" అనేవాడు. పోయి రారాదా అంటే మూతి ముడుచుకునేవాడు.

మొన్న అమావాస్య పొద్దున నన్ను సాక్షిగా పిలిచాడు. మిగిలిన ఆ దారాన్ని దూలానికి ముడేసి, కింద బకెట్టు కట్టి, చెంబుతో ఇసుక పోస్తున్నాడు. నీళ్లు పోస్తే ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఊరుకోదు మరి, కొళాయి వచ్చేది మూడు రోజులకోసారి.

"ఎంతకు తెగుతాదో చూసి ఆయప్పకు ఫోటో పంపల్ల" అన్నాడు.

తొమ్మిది కిలోలకు ఫట్‌మంది. ఇంకో ముక్క కడితే తొమ్మిదిన్నర. నాలుగు సార్లు కడితే నాలుగు సార్లూ పది దాటలేదు. "చూసినావా?" అన్నాడు గానీ ఆ గొంతులో గెలిచిన ఉత్సాహం లేదు. కొండప్ప మోసగాడని తేలిపోతే ఇక ఆ కట్ట మీదికి ఎవరి కోసం పోతాడు?

లక్ష్మీనరసమ్మ కింద పడిన ముక్కలు ఏరి చూసింది. "ఏమయ్యా, అన్నీ ముడి కాడనే తెగినాయే. నీ ముడి ఈ దారానికి పనికిరాదేమో."

ఈయన భగ్గుమన్నాడు. తెగిన పట్టుపోగును అతికే ముడిలో ధర్మవరంలో ఈయన పెట్టింది పేరు. చీర మీద వేలుపెట్టి తడిమినా దొరకదు. గాలానికీ ఆ ముడే వేసేవాడు, ఇంకోటి నేర్చుకోవడం నామోషీ.

ఆమె వాదించలేదు. రోకలిని రెండు దూలాల మీద అడ్డంగా పెట్టి, దారాన్ని దానికి పది చుట్లు చుట్టి, కొస టేపుతో అంటించింది. రెండో కొసను బకెట్టు పిడిలో దూర్చిన చపాతీ కర్రకు అలాగే చుట్టింది. ఎక్కడా ముడి లేదు. ఇసుక పోశాం. పది దాటింది, పదిహేను దాటింది. బకెట్టు నిండితే ఇసుక మీద రాళ్లు పేర్చాం. తెగాక కాటా వేస్తే ఇరవై కిలోల పైమాటే.

రామకృష్ణయ్య గడప మీద కూలబడ్డాడు. ఫోన్ తీశాడు. తొందరలో స్పీకర్ నొక్కుకుంది.

"కొండప్పా, నేను. నీ దారం మంచిదేనప్పా. నా ముడే నిలవలేదు. ఉత్తపుణ్యానికి నిన్ను తిట్టినా."

"ఆ పొద్దే తెలుసు లేప్పా. తెగిన కొస చూసినాను, ముడి కాడనే తెగింది."

"మరి నోరు మూసుకోని ఎందుకు పడినావు?"

"నలుగురి ముందర నీ ముడి నిలవలేదని ఎట్ల చెప్పేదప్పా? నేనంటే దారం కాకుంటే బీడీలు అమ్ముకుంటా. నీకుండేది ఆ చెయ్యొక్కటే గదా."

రామకృష్ణయ్య పసిపిల్లాడిలా ఏడ్చాడు. "వస్తాండా" అని ఫోన్ పెట్టేసి, శింగనమల బస్సుకు పరుగెత్తాడు.