సోఫాలో వెచ్చని చోటు

దయ్యాలు, గాలీ ధూళీ అని ఎవరైనా మాట ఎత్తితే నవ్వేదాన్ని. పెళ్లికి ముందు ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పాను. తాయెత్తు కట్టించుకోమని మా అత్త ఎంత పోరినా కట్టించుకోలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను. మీరేమనుకున్నా సరే.

మాది గుంటూరు పక్కన నల్లపాడు. మేం దూదేకుల వాళ్లం. మా మామగారు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవారు. మా ఆయన టౌన్లో కొట్టు పెట్టి, పరుపులతో పాటు సోఫాలకు కుషన్లు కూడా కుడతారు. రెండు వేల సంవత్సరం దాటాక జనం లావాటి ఫోమ్ సోఫాల మీద పడ్డారు. పాత టేకు సోఫాలను పెరట్లో పడేశారు. కొన్నాళ్లకు కొందరు డాక్టర్లూ లాయర్లూ ఆ పాతవే కావాలని మా కొట్టుకు రావడం మొదలుపెట్టారు. వీళ్లకిదేం పిచ్చి అనుకునేదాన్ని.

మా ఆయనకూ అదే పిచ్చి. పరుచూరు దగ్గర ఒక పొగాకు వ్యాపారి ఇంటికి కొత్త ఫోమ్ సోఫా కుట్టి ఇచ్చి, వాళ్లు వద్దన్న పాత సోఫాను ఆటోలో వేసుకొచ్చారు. అరవైల్లో వాళ్ల తాత చేయించిందట. ముగ్గురు కూర్చోవచ్చు. చెక్కుడు పనేమీ లేదు. కాళ్లు కిందికొచ్చేకొద్దీ సన్నబడి, కాస్త బయటికి వాలి ఉన్నాయి. వీపు వైపు పేము అల్లిక.

"చూడు, కింద చీపురు ఆడుద్ది. వెనక గోడ కనపడుద్ది. మన చిన్న గది పెద్దగా కనపడుద్ది. ఆ ఫోముది పెడితే గేదె పడుకున్నట్టు ఉంటది" అన్నారు. ఆ మాట నిజమే. గది నిజంగానే పెద్దదైనట్టు అనిపించింది, నాకూ నచ్చింది.

అప్పటికి నాకు నాలుగో నెల. అంతకుముందు రెండు కడుపులు ఐదో నెల నిండకుండానే పోయాయి. ఈసారి డాక్టరమ్మ కడుపు నిలవడానికి గర్భసంచి మూతికి కుట్టు వేసి, మంచం దిగితే సోఫా దాకానే నడవాలంది. దగ్గాలన్నా తుమ్మాలన్నా భయమే. ఈ బిడ్డ కూడా దక్కకపోతే నేనేమైపోతానో నాకే తెలియదు. పగలంతా ఆ సోఫాలో కిటికీ వైపు చివర కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉండేదాన్ని.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, అవతలి చివరన ఉన్న దుప్పటి కోసం చెయ్యి చాచాను. అక్కడ కుషన్ వెచ్చగా తగిలింది. ఎవరో అంతసేపూ కూర్చుని అప్పుడే లేచి వెళ్లినట్టుంది. అత్త కూర్చుందేమో అనుకున్నాను. అడిగితే పొద్దుటి నుంచీ వంటింట్లోంచి రాలేదంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "గుంటూరులో వెచ్చగా లేనిదేదో చెప్పు" అని నవ్వారు. చెయ్యి పెట్టి చూసి చల్లగానే ఉందన్నారు. నా చేతికి మాత్రం అప్పుడూ వెచ్చగానే ఉంది. మర్నాడు అత్త కూడా తాకి చూసింది. గబుక్కున చెయ్యి తీసేసి చెంగుకు తుడుచుకుంది.

సైన్సు చెప్పినదాన్ని కదా, ఊరుకోలేదు. అక్కడ ఎండ పడదు. ఇంట్లో పిల్లి లేదు. కుషన్లలో పాత దూది మొత్తం తీసేసి, మా ఆయనే స్వయంగా కొత్త దూది, కొత్త గుడ్డతో కుట్టారు. ఆ చివరి కుషన్ తీసి నేను కూర్చునే వైపు వేయించాను. కుషన్ చల్లబడింది. దాని చోట వేసిన కుషన్ వెచ్చబడింది. అత్త చేత కుషన్ల కింద బిగించిన పట్టీలు కింది నుంచి తాకించాను, అవి చల్లగానే ఉన్నాయి. ఆ సన్నటి కాళ్ల మధ్య నేలంతా ఖాళీగా కనబడుతూనే ఉంది.

"ఒరేయ్ నాగూరూ, ఆ ఇంట్లో ఎవరన్నా దీని మీద పోయారేమో కనుక్కోరా" అంది అత్త. మా ఆయన ఫోన్ చేశారు. అలాంటిదేమీ లేదని, పిల్లలంతా దాని మీదే దొర్లి పెరిగారని ఆ ఇంటావిడ నవ్విందట. అయినా సరే దాన్ని అమ్మేయమని అత్త పట్టుబట్టింది. వద్దన్నది నేనే. అప్పటికి ఐదో నెల దాటింది. ఇంట్లో ఏది కదిలిస్తే ఏమవుతుందోనని, క్యాలెండర్ కూడా మార్చనివ్వని రోజులవి.

డిసెంబరు చలిలో ఒక పొద్దున చూస్తే ఆ చివర చల్లగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత నా పక్కన, మధ్యలో చెయ్యి పడింది. అక్కడ వెచ్చగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సోఫా చేతి కొయ్యకు ఒదిగి కూర్చోవడం మాత్రం అలవాటైంది.

ఎనిమిదో నెలలో మిరపకాయల లారీలు మొదలయ్యాయి. ఘాటుకు తుమ్ములొస్తాయని కిటికీలు మూసి, ఆ రోజు మధ్యాహ్నం దాకా లోపల మంచం మీదే పడుకున్నాను. అత్త పక్కింటికి వెళ్లింది. లేచి వచ్చి సోఫాలో కూర్చోబోతూ ముందుగా చెయ్యి ఆనించాను. అది నా చోటు. పొద్దుటి నుంచీ నేను కూర్చోని చోటు. ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉంది.

కూర్చోలేకపోయాను. అలాగే నిలబడి ఏడ్చాను. ఫోన్ చేసి మా ఆయన్ని పిలిచి, ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. "నొప్పులా?" అన్నారు. కాదన్నాను. "మరేంటే?" అన్నారు. ఆటో తీసుకుని రమ్మని ఫోన్ పెట్టేశాను.

నొప్పుల్లేకుండా వచ్చినందుకు డాక్టరమ్మ కాస్త విసుక్కుంటూనే పరీక్ష మొదలుపెట్టింది. కాసేపటికి నర్సును కేకేసింది. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోంది. వెంటనే ఆపరేషన్ చేశారు. పేగు మెడకు చుట్టుకుని ఉందట. ఆడపిల్ల పుట్టింది, బతికింది. "ఏమనిపించి వచ్చావమ్మా?" అని తర్వాత డాక్టరమ్మ అడిగింది. కదలిక తగ్గినట్టనిపించిందని అబద్ధమాడాను.

పిల్లను తీసుకుని ఇంటికొచ్చిన రోజు సోఫా అంతా తడిమి చూశాను. మూడు చోట్లూ చల్లగా ఉన్నాయి. "ఇంక చూడబాకమ్మా" అంది అత్త, ఒళ్లో పిల్లను చూస్తూ. "రావాల్సింది వచ్చేసిందిగా. ఎవరైతేనేం, మన కడుపున పడ్డాక మన పిల్లే."

అత్త మీద ఎన్నడూ అరవనిదాన్ని, ఆ రోజు అరిచాను.

మా ఆయన అంతా నా మనసు భ్రమ అంటారు. డాక్టరమ్మకు తెలిస్తే తల్లి శరీరానికి ముందే తెలుస్తుందని అంటుందేమో. రెండూ కాదనడానికి నా దగ్గర రుజువేమీ లేదు. మరి అత్త చేతికి ఎందుకు తగిలిందో నాకు తెలియదు. అది నన్ను వెళ్లగొట్టిందో, బిడ్డ కోసం తరిమి పంపిందో కూడా తెలియదు. మొదట ఆ చివర, తర్వాత మధ్యలో, ఆ తర్వాత నా చోటు. అక్కడి నుంచి అది ఎటు పోయిందన్నదే నేను ఆలోచించలేను.

పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. అల్లరిది, మొండిది, నా కూతురు. ఎవరేమన్నా నా కూతురే. నిద్రపోతున్నప్పుడు మాత్రం పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి చూస్తాను. వెచ్చగా ఉంటుంది. ఏ పిల్లకైనా ఒళ్లు వెచ్చగానే ఉంటుంది కదండీ.